కాశయ్య ఊపిరి

ముందుగా నన్ను మన్నించండి. నా రాతలో ఒత్తులు ఎక్కడో ఒకచోట జారిపోతాయి, దీర్ఘాలు ఉండాల్సిన చోట ఉండవు. అరవై ఎనిమిదో ఏట అక్షరం పట్టినదాన్ని. ఒక్క పేజీ రాయడానికి నాకు రెండు పూటలు పడుతుంది. అచ్చు వేసేవాళ్ళు తప్పులు దిద్దుతామన్నారు. తప్పులు దిద్దండి, మాటలు మాత్రం మార్చవద్దని అడిగాను.

నలభై ఏళ్ళు నేను పలకలు చేశాను. నల్లరాతి పలకకు నాలుగు పక్కలా చెక్క చట్రం బిగించడం నా పని. వాటి మీద ఎక్కడెక్కడి పిల్లలో అక్షరాలు దిద్దుకున్నారు. నేను ఒక్క గీత కూడా గీయలేదు. నా భర్త కాశయ్య అదే ఫ్యాక్టరీలో రాయి చీల్చేవాడు. ఉలి ఆనించి సుత్తితో ఒక్క దెబ్బ కొడితే రాయి పొరలు పొరలుగా విడిపోయేది. విడిపోయినప్పుడల్లా బూడిద రంగు దుమ్ము లేచేది. ఆ దుమ్ము మా అందరి ఊపిరితిత్తుల్లో ఉంది. మా వీధిలో అరవై దాటిన మగవాళ్ళను మనిషి కనపడకముందే దగ్గును బట్టి పోల్చుకునేవాళ్ళం.

చలికాలం వస్తే మా వీధికి నెమ్ము వచ్చేది. డాక్టర్లు దాన్నే న్యుమోనియా అంటారు. ప్రతి ఏడూ ఇద్దరో ముగ్గురో పోయేవాళ్ళు. దానికి సూది ఉందని నర్సమ్మ ఏటేటా ఇంటింటికీ తిరిగేది. ఒకడు చెయ్యి వాస్తుందనేవాడు. ఒకామె ఈ వయసులో సూది ఎందుకనేది. నేనేమో పడుచువాళ్ళకు వేయండి తల్లీ, నాకు వేసి వృథా చేయకండి అనేదాన్ని. మంచిదాన్నని అట్లా అనలేదు. వీధిలో ఎవరూ వేయించుకోలేదు, మొదట నేనెందుకు వేయించుకోవాలని.

అట్లాంటి వీధికి డాక్టర్ తరళ వచ్చింది. మూతబడిన పలకల షెడ్డు అద్దెకు తీసుకుని అందులో గాజు సీసాలు, మిషన్లు పెట్టింది. ఒకరోజు ముసలివాళ్ళందరినీ పిలిచి కూర్చోబెట్టింది. ఒక అగరుబత్తి వెలిగించి మా ఆయన నోటి ముందు పట్టుకుని, "పెద్దాయనా, మీ పేరు చెప్పండి" అంది. ఆయన "కాశయ్య" అన్నాడు. పొగ తిన్నగా ఎదురుగా ఉన్నవాడి ముఖం మీదికి పోయింది.

"ఈ పొగ ఎంతదూరం పోతుందో నా టీకా అంతదూరం పోతుంది" అంది ఆమె.

నెమ్ము తెచ్చే క్రిమిని ఆమె సీసాల్లో పెట్టి, కోరలు తీసిన పాములాగా సాధువు చేసిందట. దాన్ని ఒక్క మనిషి గొంతులో చుక్కలుగా వేస్తే పన్నెండు రోజులు అక్కడ బతుకుతుంది. ఆ మనిషి ఎదుట రోజూ అరగంట కూర్చుని మాట్లాడినవాళ్ళకు ఊపిరితోనే టీకా అందుతుంది. సూది అక్కర్లేదు. ఎవరికెంత అందిందో తెలియడానికి మెడ కింద, ఎముక దగ్గర, తెల్ల పట్టీ ఒకటి అతికిస్తారు. ఊపిరి తగిలేకొద్దీ అది పచ్చబడుతుంది. పచ్చదనాన్ని కొలవడానికి పన్నెండు మెట్లున్న రంగుల అట్ట ఒకటి ఆమె గోడకు తగిలించింది. క్రిమిని గొంతులో మోసేవాడికి మాత్రం పన్నెండు రోజులయ్యాక సూది వేయాలి. ఎందుకంటే ఆ సాధు క్రిమి తనను మోసేవాడి గొంతునే కాస్తుంది, దుమ్ము పట్టిన అతని ఊపిరితిత్తిని కాయలేదు.

ఎవరు మోస్తారని అడిగితే అందరూ నేలచూపులు చూశారు. కాశయ్య చెయ్యెత్తాడు.

వెనక నుంచి నాగూరమ్మ గొంతు వినపడింది. "ఇన్నాళ్ళకి బావ ఊపిరి దగ్గేదానికి కాకుండా ఇంకోదానికి పనికొచ్చింది."

అందరూ నవ్వారు. ఆయన అందరికంటే ఎక్కువ నవ్వాడు.

నాగూరమ్మ ఇల్లు మా ఇంటికి ఎదురు వరసలో ఉంది. మాతోపాటే ఫ్యాక్టరీలో పనిచేసింది. నాలుగు అక్షరాలు వచ్చు కాబట్టి పెట్టెల మీద ఊళ్ళ పేర్లు రాసేది. భర్త చిన్న వయసులోనే పోయాడు. ఆయన్ను బావా అనీ, నన్ను అక్కా అనీ పిలిచేది. మాదీ వాళ్ళదీ ఒక కులం కాదు, ఒక మతం కాదు, ఆ వరసలు నోటికి వచ్చినవే. అయినా బావా అన్నప్పుడల్లా నా చెవిలో ఏదో గుచ్చుకునేది. సాయంత్రం కాగానే వాళ్ళిద్దరూ ఆమె అరుగు మీద పులిజూదం ఆడేవాళ్ళు. అంచు విరిగిన పలక మీద ఆయనే ఉలితో గడులు చెక్కాడు. మూడు చింతగింజలు పులులు, పదిహేను రాతిపెంకులు మేకలు. మేకలు పులిని కదలనీయకుండా చుట్టుముడితే పులి ఓడినట్టు. నేను పొయ్యి దగ్గర ఉండేదాన్ని. ఆయన నవ్వు నాకెప్పుడూ వీధి అవతల నుంచే వినపడేది.

పన్నెండు రోజులు గడిచాయి. షెడ్డులో అందరి పట్టీలూ అట్ట పక్కన పెట్టి చూశారు. వీధిలో ఒకరిది నాలుగో మెట్టు, ఒకరిది ఐదు. నాగూరమ్మది పదకొండు, కరివేపాకు రంగు. నాది ఒకటి. ఉతికి ఆరేసిన గుడ్డలాగా ఉంది.

డాక్టరమ్మ తన కాగితాలు తిరగేసింది. మళ్ళీ నా పట్టీ చూసింది. వరసలో ఉన్న ఒక ముసలామె నెమ్మదిగా అంది, "ఏందిమే గురవమ్మా, నీ మొగుడు ఇంట్లో ఉండాడా ఊళ్ళో ఉండాడా?"

నేను పైట సర్దుకున్నాను. ఎదురుగా కూర్చోవడం ఒక్కటే కాదమ్మా అని డాక్టరమ్మ ఏదో సర్దిచెప్పబోయింది. మామూలు మాటకంటే నవ్వులో నాలుగింతల ఊపిరి బయటికి వస్తుందని, అందుకని కొందరికి ఎక్కువ అందుతుందని అంది. ఆమె మంచికే చెప్పింది. ఆ మాట నాలో ముల్లులా విరిగింది. నాగూరమ్మ మెడ కింద ఉన్నది టీకా కాదు, నా భర్త నవ్వు అని అప్పుడు తెలిసింది. పదకొండు మెట్ల నవ్వు.

ఆ రోజు నుంచి ఆయనకు అన్నం పెడుతూ నేను మాట్లాడలేదు. మూడో రోజు డాక్టరమ్మ మా ఇంటికి వచ్చింది. మీ పనులు మీరు చేసుకోండి, నేనొక మూల కూర్చుంటానంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చుంది. పోయేముందు నన్ను అడిగింది, "అమ్మా, మీరిద్దరూ ఒకరి ముఖం ఒకరు ఎప్పుడు చూసుకుంటారు?"

నాకు అర్థం కాలేదు. ఆమె ఒక్కొక్కటీ చెప్పింది. ఆయన తినేటప్పుడు నేను ఆయన ఎడమపక్కన నిలబడి వడ్డించాను. ఆయన లేచాక పొయ్యి వైపు తిరిగి తిన్నాను. ఆయన వీధి వైపు చూస్తూ ఏదో అడిగితే నేను గోడ వైపు చూస్తూ జవాబు చెప్పాను. కొట్టుకు పోయినప్పుడు ఆయన ముందు, నేను వెనక. ఆయన మంచం వరండాలో, నాది లోపల. నలభై ఆరేళ్ళలో నేను ఆయనకు ఎదురుగా కూర్చోలేదు. కూర్చోవద్దని ఎవరూ అనలేదు. మా అమ్మ అట్లాగే చేసేది.

"తప్పు మాది" అంది డాక్టరమ్మ. "ఒకే ఇంట్లో ఉంటారు కాబట్టి భార్యలకే అందరికంటే ఎక్కువ అందుతుందని లెక్క వేశాం."

"పులిజూదానికి ఎదురుగా కూసోవాల గదమ్మా" అన్నాను నేను.

"అవును, అందుకే ఆమెకు అంత అందింది."

"నవ్వాల కూడా" అన్నాను.

ఆమె కాగితాలు సంచిలో పెట్టుకుని లేచింది.

నాకు టీకా అందలేదని తెలిశాక ఆయన నాతో చెప్పకుండా షెడ్డుకు పోయి, మళ్ళీ చుక్కలు వేయించుకుని ఇంకో పన్నెండు రోజులు మోస్తానన్నాడు, నా ఒక్కదానికోసం. ఆయన సూదికి అప్పటికే రోజు వచ్చింది. సూది వేస్తే గొంతులో క్రిమి చచ్చిపోతుంది, మోయడానికి ఉండదు. మోయాలంటే సూది ఆపాలి, రెండోసారి మోసినవాడు మోయడం అయ్యాక కూడా ఇంకో పదిహేను రోజులు ఆగాలి. చలి మొదలైంది, వద్దని డాక్టరమ్మ చెప్పిందట. సూది నా భార్యే వేయించుకోవచ్చు గదా అని కూడా అడిగిందట ఆయనను. "అది ఇప్పుడు సూదికి రాదమ్మా, నా మీద కోపంగా ఉంది" అన్నాడట ఆయన.

ఇదంతా నాకు చెప్పింది నాగూరమ్మ. మా గుమ్మం దగ్గర నిలబడి, లోపలికి రాకుండా చెప్పింది.

"అక్కా, బావ నీ కోసరం సూది ఆపుకున్నాడు. ఈ పన్నెండు దినాలు కాస్త ఎదురుగా కూసో. లేకపోతే నువ్వన్నా పోయి సూది ఏయించుకో, ఆయన్ని మోయొద్దని చెప్పు."

ఆ మాటల్లో నాకు ఒక్కటే వినపడింది. ఆయన ఈ సంగతి నాకు చెప్పలేదు, ఆమెకు చెప్పాడు.

"మీ బావ ఏం చేస్తా ఉండాడో నువ్వు చెప్తేగాని నాకు తెలవదా" అని తలుపు వేశాను.

ఆయన రోజూ మధ్యాహ్నం చాప వేసి ఎదురుగా కూర్చునేవాడు. నేనూ కూర్చునేదాన్ని. కూర్చుని పైట కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేదాన్ని, మెడ కింద పట్టీ మీదికి కూడా లాక్కునేదాన్ని. ఆయనకు ఏం మాట్లాడాలో తెలిసేది కాదు. ఏ గనిలో రాయి మెత్తన, ఏ గనిలో పెళుసు, ఎక్కడ ఉలి ఆనిస్తే ఎట్లా విడిపోతుంది, ఇవే చెప్పేవాడు. ఒకరోజు పులిజూదం పలక తెచ్చి నేర్పబోయాడు. ఎవరితో ఆడతావో వాళ్ళతోనే ఆడుకో అన్నాను. ఆయన పలక తీసి పక్కన పెట్టి మళ్ళీ రాయి గురించి చెప్పాడు.

పన్నెండో రోజు నా పట్టీ చూశాడు. తెల్లగానే ఉంది.

"పన్నెండు దినాలు ఊపిరి పట్టుకోనున్నావా మే" అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. అదే నాకు ఎక్కువ కోపం తెప్పించింది.

సూదికి ఇంకో పదిహేను రోజులు ఉంది. తొమ్మిదో రోజు జ్వరం వచ్చింది. పదో రోజుకు పక్కటెముకలు ఎగిరెగిరిపడ్డాయి. డాక్టరమ్మే బండిలో ఎక్కించి ఆసుపత్రికి తీసుకుపోయింది. నెమ్ము రెండు పక్కలా పట్టిందన్నారు.

ముక్కులో గొట్టాలు పెట్టి పడుకోబెట్టారు. మీకు రక్షణ లేదు, దూరంగా కూర్చోండి అని నాకు మాస్కు ఇచ్చారు. నేను స్టూలు లాక్కుని ఆయన ముఖానికి మూర దూరంలో, ఎదురుగా కూర్చున్నాను. మాస్కు ఒళ్ళో పెట్టుకున్నాను. డాక్టరమ్మ తిట్టింది. నేను కదలకపోయేసరికి, ఆ పూటే నాకు సూది వేసింది. అది పనిచేయడానికి రెండు వారాలు పడుతుందని, అప్పటిదాకా దేవుడే దిక్కని అంది.

ఆయన కళ్ళు తెరిచి నన్ను చాలాసేపు చూశాడు.

"పైట అడ్డం పెట్టుకోవేందే ఈ పొద్దు" అన్నాడు.

"పెట్టుకోను" అన్నాను.

నలభై ఆరేళ్ళు కాపురం చేసిన మనిషి ఎడమ కనుబొమ్మలో చిన్న గాటు ఉందని నేను ఆ రోజు చూశాను. రాతిపెంకు ఎగిరి తగిలిందట, పెళ్ళయిన కొత్తలో. ఆ రోజు నువ్వే పసుపు అద్దినావు గదా అన్నాడు. అద్ది ఉంటాను, తల వంచుకుని.

నాగూరమ్మ లోపలికి రాలేదు. ఆసుపత్రి గేటు బయట బెంచీ మీద కూర్చుంది. రెండో రోజు నేను టీ కోసం బయటికి పోతే పులిజూదం పలక, గింజల మూట నా చేతిలో పెట్టింది. "నువ్వే ఆడక్కా" అంది. నేను తీసుకున్నాను.

నాకు ఆట రాదు. పలకను ఆయన పక్కలో పెట్టి ఆయన చెప్పినట్టు గింజలు పేర్చాను. పులులు నావి, మేకలు ఆయనవి. ఆయన వేలితో చూపిస్తే మేకను నేనే జరిపేదాన్ని. కాసేపయ్యాక నా పులిని ఒక గడిలో పెట్టాను. ఆయన దాన్ని చూసి, నన్ను చూసి, నవ్వాడు. నవ్వు దగ్గయింది, దగ్గు మళ్ళీ నవ్వయింది.

"పులిని నువ్వే తీసకపోయి బోన్లో పెట్టినావు గదమే" అన్నాడు.

ఆ నవ్వు నా ముఖానికి తగిలింది. వెచ్చగా ఉంది. వీధి అవతలి నుంచి కాదు, మూర దూరం నుంచి. ఇది నాది అనుకున్నాను. తరువాతి రోజంతా ఆయన్ను నవ్వించడానికి కావాలనే తప్పులు ఆడాను. ఆయనకు అది తెలుసు.

నాలుగో రోజు తెల్లవారి ఆయన పోయాడు.

దినం అయిపోయాక డాక్టరమ్మ నా మెడ కింద మరిచిపోయిన పట్టీ చూసి తీసింది. పచ్చగా ఉంది. అట్ట పక్కన పెడితే తొమ్మిదో మెట్టు. ఆయన గొంతులో ఆ క్రిమి ఇంకా బతికే ఉందని, పట్టీ అబద్ధం చెప్పదని అంది. చెబుతూ ఏడ్చింది. నేను ఏడవలేదు. నాగూరమ్మ పట్టీ కూడా తెచ్చి పక్కన పెట్టమన్నాను. పెట్టింది. రెండు మెట్లు తేడా. సిగ్గులేకుండా చెబుతున్నాను, భర్త పోయిన పదో రోజు నేను ఆ రెండు మెట్ల గురించి బాధపడ్డాను.

ఎండాకాలంలో డాక్టరమ్మ ఒక కాగితం తెచ్చింది. ఆసుపత్రిలో ఆయన గొంతు నుంచి దూదితో తీసిన క్రిమిని షెడ్డులో పెంచారట. ఆయన గొంతులో రెండుసార్లు కాపురం చేసి, దుమ్ముకు ఓర్చుకుని, అది మొండిదయింది. పన్నెండు రోజులు కాదు, నలభై రోజులు బతుకుతోంది. సూది వేసినా చావడం లేదు. ఇక ముందు సూది మొదట వేసి, తరువాత మోయించవచ్చు. మోసేవాడు ప్రాణం మీదికి తెచ్చుకోనక్కర్లేదు. దీన్ని మిగతా ఊళ్ళ ముసలివాళ్ళకు పంపాలంటే భార్యగా నా ఒప్పుదల కావాలి. వేలిముద్ర చాలు.

"ఏం రాసుందో నాగూరమ్మ గారు చదివి చెబుతారు" అంది పాపం.

"నా మొగుడి ఊపిరి సంగతి ఆమె చదివితే నేను వినాల్నా" అన్నాను. "నేనే చదివి సంతకం పెడతా."

"మీకు చదువు రాదు కదమ్మా."

"నేర్చుకుంటా."

చలికాలానికి ఐదు నెలలే ఉందని ఆమె బతిమాలింది. నేను వినలేదు. కానీ పగటిపూట మా వీధిలో తీరికగా ఉండి, అక్షరం వచ్చిన మనిషి ఒక్కతే. రెండు రోజులు ఓర్చుకున్నాను. మూడో రోజు ఫ్యాక్టరీ పలక ఒకటి చంకలో పెట్టుకుని వీధి దాటాను.

నాగూరమ్మ నన్ను ఎందుకొచ్చావని అడగలేదు. అరుగు తుడిచి, "ఎదురుగా కూసో అక్కా" అంది. ఎదురుగా కూర్చుంటే ఆమె రాసింది నాకు తలకిందులుగా కనపడేది. మర్నాటి నుంచి ఆమె అక్షరాలను తనకు తలకిందులుగా రాయడం మొదలుపెట్టింది, నాకు నేరుగా కనపడేట్టు. ఎప్పుడు నేర్చుకుందో నాకు తెలియదు.

గుణింతాలు దిద్దుతున్న రోజుల్లో ఒకసారి అడిగేశాను. ఇన్నేళ్ళు ఈ అరుగు మీద దేని గురించి నవ్వుకునేవాళ్ళు మీరు అని.

"నీ గురించేనక్కా" అంది. "కోపమొస్తే నువ్వు చింతపండు ఎక్కువేస్తావంట. పులుసు నోట్లో పెట్టుకోంగానే ఈ పొద్దు నేనేం తప్పు చేసినానా అని ఎనక్కి ఆలోచించుకుంటాడంట. ఏడాది పొడుగునా అవే చెప్పి నవ్వేవాడు."

ఆమె అది నాకు ఊరటగా చెప్పింది. నాకు ఊరట కలగలేదు. ఆ సంగతి నాకు చెప్పి ఉంటే నేనూ నవ్వేదాన్ని కదా. ఆయన దగ్గర నా గురించిన నవ్వు అంత ఉండి, అదంతా ఆమె ముందు ఒలకపోశాడు. ఎదురుగా కూర్చున్నది ఆమె కాబట్టి.

నాలుగు నెలలకు కాగితం చదివాను. ఒక పూట పట్టింది. అర్థం కాని మాటలు రెండే మిగిలాయి, అవి డాక్టరమ్మకే అర్థం కావాల్సినవి. ఒకచోట ఆ క్రిమికి పేరు రాశారు, కాశయ్య రకం అని. ఆ పేరు మీద వేలు పెట్టి మూడుసార్లు చదివాను. కింద సంతకం చేసి, పక్కన నా సొంత మాట ఒకటి రాశాను. "మొదట నాకే."

అట్లాగే చేశారు. సూది వేశారు. నెల ఆగి ఆయన క్రిమిని చుక్కలుగా నా గొంతులో వేశారు. ఆ ఏడు సూదికి మా వీధివాళ్ళు వరసలో నిలబడ్డారు. కాశయ్య పదిహేను రోజులు ఆగి ఏమయ్యాడో అందరూ చూశారు కదా. సూది వేయించుకుని కూడా, ఊపిరి టీకా తోడుంటే మంచిదని నా ఎదుట వచ్చి కూర్చునేవాళ్ళు. ఇప్పుడు కాశయ్య రకం పదకొండు ఊళ్ళకు పోయింది. ఎక్కడో ఎవరో ముసలామె మెడ కింద ఈ పూట అది పచ్చబడుతూ ఉంటుంది. ఒక్క నాగూరమ్మతోనే ఓర్చుకోలేకపోయినదాన్ని, ఇప్పుడు పదకొండు ఊళ్ళ ఆడవాళ్ళతో వేగాలి.

మోస్తున్న రోజుల్లో నాగూరమ్మ రోజూ వచ్చి నా ఎదుట కూర్చునేది. మధ్యలో పులిజూదం పలక. టీకా అందడానికి నాలుగో మెట్టు చాలని డాక్టరమ్మ చెప్పింది. సరే, నాలుగు దగ్గర ఆపేద్దాం, నా తొమ్మిది కంటే కింద ఉంటుంది అనుకున్నాను. ముక్తసరిగా మాట్లాడాను. నవ్వకూడదని గట్టిగా అనుకున్నాను. నెల దాటాక ఒకరోజు ఆమె ఏమరుపాటున తన పులిని తనే తీసుకుపోయి మేకల మధ్యలో పెట్టింది. నేను ఆపుకోలేకపోయాను. పలక మీదికి వంగి, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వాను. ఏందక్కా, ఏందక్కా అంటూ ఆమె కూడా నవ్వింది.

నలభయ్యో రోజు ఆమె పట్టీ చూశారు. పన్నెండో మెట్టు. అట్ట మీద అంతకంటే పైన రంగు లేదు.

ఇట్లు,
గురవమ్మ, కాశయ్య భార్య
వయసు డెబ్బై
ప్రస్తుతం ఉండేది మార్కాపురం, పలకల షెడ్డు వెనక వీధి, నాగూరమ్మ ఇంట్లో